షుగర్ చీటీలో చిగుళ్లకూ చోటివ్వాలి

మధుమేహం ఉన్న మనిషి ఆసుపత్రికి వెళితే ఏం చూస్తారో మన ఇళ్లలో దాదాపు అందరికీ తెలుసు. పరగడుపున ఒకసారి, తిన్నాక ఒకసారి రక్తం తీస్తారు. బీపీ చూస్తారు. మూడు నెలల సగటు తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్ష రాస్తారు. శ్రద్ధగల డాక్టరైతే మూత్రంలో ప్రొటీన్ పోతోందేమో చూస్తారు, కళ్ల పరీక్షకు పంపుతారు, చెప్పులు విప్పించి పాదాలు పరిశీలిస్తారు. ఇన్ని చూసినా ‘ఒకసారి నోరు తెరవండి’ అనే మాట మాత్రం చాలాచోట్ల వినపడదు. షుగరు సంగతి షుగరు డాక్టరుది, చిగుళ్ల సంగతి పళ్ల డాక్టరుది అని మనం గిరి గీసేసుకున్నాం. ఆ గిరికి శాస్త్రంలో ఆధారం లేదు. చిగుళ్ల జబ్బు మధుమేహం పక్కన యాదృచ్ఛికంగా వచ్చి చేరే మరో జబ్బు కాదు. కళ్లు, మూత్రపిండాలు, నరాలు దెబ్బతిన్నట్టే షుగరు వల్ల చిగుళ్లూ దెబ్బతింటాయి. దాన్ని ముదరబెట్టే కారణాల్లో చాలావరకు మనం మార్చుకోగలిగినవే. ఆ కారణాల వివరాలు కూడా రోగి చేతిలోని షుగరు చీటీలోనే చాలావరకు రాసి ఉంటాయి. అందుకే చిగుళ్ల పరీక్ష షుగరు వైద్యంలో తప్పనిసరి భాగం కావాలి. ఆ బాధ్యతను షుగరు చూసే వైద్య వ్యవస్థే తీసుకోవాలి.

సమస్య ఎంత పెద్దదో ముందు గుర్తించాలి. ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం 2023లో ప్రకటించిన లెక్క ప్రకారం మన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. ప్రపంచంలో తీవ్రమైన చిగుళ్ల జబ్బుతో ఉన్నవారు 100 కోట్లకు పైనే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదికలో పేర్కొంది. ఇంత పెద్ద జబ్బులు రెండు ఒకే శరీరంలో కలిసినప్పుడు ఒకదాన్నొకటి ఎగదోస్తాయి. ఈ సంగతి వైద్యులకు కొత్తగా తెలిసిందేమీ కాదు. మధుమేహం వల్ల కళ్లకు, మూత్రపిండాలకు, నరాలకు, పెద్ద రక్తనాళాలకు కలిగే నష్టం, గాయాలు మానకపోవడం అనే అయిదింటి తర్వాత ఆరో దుష్ఫలితంగా చిగుళ్ల జబ్బును చేర్చాలని దంత పరిశోధకుడు హెరాల్డ్ లోయె 1993లోనే ప్రతిపాదించాడు. మూడు దశాబ్దాలు దాటినా ఆ ఆరోది మన ఓపీ గదుల్లోకి ఇంకా రాలేదు.

అసలు చిగురు ఎలా చెడుతుందో దగ్గరగా చూద్దాం. పన్ను చుట్టూ చిగురు అంచున రోజూ మెత్తటి పాచి పొర చేరుతుంది. ఆ పొర నిండా బ్యాక్టీరియా ఉంటుంది. రెండు పూటలా సరిగా తోముకుంటే అది పోతుంది. వదిలేస్తే లాలాజలంలోని ఖనిజాలు చేరి గట్టిపడి గారగా మారుతుంది. అప్పుడు బ్రష్షుకు లొంగదు. పాచికీ చిగుళ్ల వాపుకీ ఉన్న బంధాన్ని ఇదే లోయె బృందం డెన్మార్క్‌లో 1965లో నిరూపించింది. ఆరోగ్యంగా ఉన్న 12 మంది చేత పళ్లు తోమడం మాన్పించగా, 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్లు వాచాయి. తోమడం మళ్లీ మొదలుపెట్టాక వాపు తగ్గిపోయింది. అంటే తొలిదశలో ఈ జబ్బు పూర్తిగా వెనక్కి మళ్లుతుంది. ఆ దశ దాటితే చిగురు పన్ను నుంచి విడిపోయి మధ్యలో లోతైన సందు ఏర్పడుతుంది, పన్నును పట్టి ఉంచే ఎముక కొద్దికొద్దిగా కరిగిపోతుంది. కరిగిన ఎముక చాలావరకు తిరిగి రాదు. ఇదంతా ఏళ్ల తరబడి నొప్పి లేకుండా జరిగిపోతుంది. నొప్పి ఉంటేనే జబ్బు అనుకునే మన అలవాటే దీనికి పెద్ద అండ.

షుగరు ఇందులోకి ఎక్కడ వస్తుంది? అమెరికాలోని అరిజోనాలో నివసించే పీమా ఆదివాసుల్లో టైప్-2 మధుమేహం చాలా ఎక్కువ. వారిమీద 1990ల మొదట్లో వెలువడిన అధ్యయనాల్లో మధుమేహం ఉన్నవారికి చిగుళ్ల జబ్బు ముప్పు దాదాపు మూడు రెట్లు ఎక్కువని తేలింది. అమెరికా జాతీయ ఆరోగ్య సర్వే వివరాలతో 2002లో వచ్చిన విశ్లేషణ మరో కీలకమైన విషయం చెప్పింది. హెచ్‌బీఏ1సీ 9 శాతం దాటినవారిలో తీవ్రమైన చిగుళ్ల జబ్బు ఉండే అవకాశం షుగరు లేనివారితో పోలిస్తే దాదాపు మూడు రెట్లు ఉంది. షుగరు అదుపులో ఉన్నవారికి, అసలు షుగరు లేనివారికి మధ్య మాత్రం గట్టిగా చెప్పదగినంత తేడా కనిపించలేదు. దీన్నిబట్టి చిగుళ్లను దెబ్బతీసేది ‘షుగర్ పేషెంటు’ అనే ముద్ర కాదు, అదుపు తప్పిన షుగరు. 2018లో వెలువడిన అంతర్జాతీయ వర్గీకరణలో దంత వైద్యులు ఈ విషయాన్ని ప్రమాణంగానే స్వీకరించారు. చిగుళ్ల జబ్బు ఎంత వేగంగా ముదురుతుందో అంచనా వేయడానికి రోగి హెచ్‌బీఏ1సీ 7 శాతానికి లోపల ఉందా, పైన ఉందా అన్నది చూస్తారు. పళ్ల డాక్టర్లు షుగరు రిపోర్టు చూడడం మొదలుపెట్టారు. షుగరు డాక్టర్లు చిగుళ్లు చూడడం మాత్రం మిగిలిపోయింది.

కారణం కూడా స్పష్టమే. రక్తంలో చక్కెర చాలాకాలం ఎక్కువగా ఉంటే అది ప్రొటీన్లకు అంటుకుని హానికరమైన పదార్థాలుగా మారుతుంది. అవి చిగుళ్ల కణజాలంలో పేరుకుని, ఉన్న వాపును మరింత రాజేస్తాయి. బ్యాక్టీరియాతో పోరాడాల్సిన తెల్ల రక్తకణాలు చురుకుదనం కోల్పోతాయి. చిగుళ్లకు ఆహారం అందించే సన్నటి రక్తనాళాల గోడలు మందమవుతాయి. పన్నును ఎముకకు కట్టి ఉంచే కొల్లాజెన్ తయారీ తగ్గి, విచ్ఛిన్నం పెరుగుతుంది. షుగరు లేని మనిషి నోట్లో ఏళ్లు పట్టే నష్టం, షుగరు అదుపులో లేని మనిషి నోట్లో అంతకంటే తొందరగా జరిగిపోవడానికి కారణం ఇదే. ఇది పెద్దవాళ్ల సమస్య మాత్రమే అనుకోవడమూ పొరపాటే. అమెరికాలో 6 నుంచి 18 ఏళ్ల పిల్లలమీద జరిపి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, మధుమేహం ఉన్న పిల్లల్లో చిగుళ్ల వాపూ నష్టమూ ఎక్కువగా కనిపించాయి. ఇన్సులిన్ తీసుకునే పిల్లల తల్లిదండ్రులు ఈ మాట తప్పక గుర్తుంచుకోవాలి.

షుగరు చిగుళ్లను చెడగొట్టడంతో కథ ముగిసిపోదు. చెడిన చిగురు షుగరును కూడా పెంచుతుంది. పీమా ఆదివాసుల మీదే 1996లో వచ్చిన మరో అధ్యయనం, తీవ్రమైన చిగుళ్ల జబ్బు ఉన్నవారిలో తర్వాతి ఏళ్లలో షుగరు అదుపు తప్పే ముప్పు ఎక్కువని చూపింది. చిగుళ్ల సందుల్లో వాచి ఉన్న ఉపరితలాన్ని పరిశోధకులు కొలిస్తే సుమారు 8 నుంచి 20 చదరపు సెంటీమీటర్లు ఉంటుందని తేలింది. అంత పుండు అరికాలి మీద ఉంటే షుగరు రోగి ఒక్కరోజు కూడా ఆగడు, డాక్టరూ ఆగనివ్వడు. నోట్లో ఉన్నది కంటికి కనిపించదు కాబట్టి ఏళ్ల తరబడి మోస్తారు. ఆ వాపు నుంచి వెలువడే పదార్థాలు రక్తంలో కలిసి ఇన్సులిన్ పనిని అడ్డుకుంటాయి. ఫలితంగా మాత్రలు పెరుగుతాయి, షుగరు మాత్రం దిగదు. ‘మందులు సరిగానే వేసుకుంటున్నాను, తిండీ తగ్గించాను, అయినా తగ్గడం లేదు’ అనే రోగి నోరు తెరిపించి చూడకపోతే కారణాల్లో ఒకదాన్ని చూడకుండా వదిలేసినట్టే.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఉంది. చిగుళ్లకు వైద్యం చేస్తే షుగరు నిజంగా తగ్గుతుందా? 2013లో అమెరికా వైద్య సంఘం పత్రికలో ప్రచురితమైన ఒక పెద్ద పరిశోధన తగ్గదని చెప్పింది. 514 మంది మీద చేసిన ఆ ప్రయోగంలో ఆరు నెలల తర్వాత హెచ్‌బీఏ1సీలో మార్పు కనిపించలేదు. దీన్ని దాటవేయడం న్యాయం కాదు. అయితే ఆ ప్రయోగంలో వైద్యం తర్వాత కూడా రోగుల నోళ్లలో పాచి, చిగుళ్ల నుంచి రక్తం కారడం చాలా ఎక్కువగానే ఉండిపోయాయని అనేకమంది చిగుళ్ల నిపుణులు ఎత్తిచూపారు. చిగురే నయం కానప్పుడు షుగరు తగ్గలేదని తేలడంలో వింత లేదు. ఆ తర్వాత లండన్‌లో 264 మంది మీద జరిపి 2018లో ప్రకటించిన పరిశోధనలో, చిగుళ్లకు పూర్తిస్థాయి వైద్యం అందినవారి హెచ్‌బీఏ1సీ ఏడాది తర్వాత మిగతావారికంటే 0.6 శాతం తక్కువగా ఉంది. మొత్తం 35 పరిశోధనలను క్రోడీకరించిన 2022 నాటి కాక్రేన్ సమీక్ష కూడా మూడు నాలుగు నెలల్లో 0.43 శాతం, ఏడాదికి 0.5 శాతం తగ్గుదల ఉందని నిర్ధారించింది. చూడడానికి ఇది చిన్న అంకెలా కనిపిస్తుంది. ఒక మాత్ర అదనంగా రాసినప్పుడు ఇంతకంటే కాస్త ఎక్కువ ఫలితం ఆశించే డాక్టర్లు, పళ్లు శుభ్రం చేయిస్తే వచ్చే ఈ లాభాన్ని తీసిపారేయడానికి వీల్లేదు. చిగుళ్ల వైద్యం షుగరు మందుకు ప్రత్యామ్నాయం కాదు, దానికి తోడు.

ముప్పును పెంచే మిగతా కారణాలనూ వరుసగా చూడాలి. అందులో మొదటిది పొగాకు. 2016-17 జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో పెద్దల్లో 28.6 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. బీడీ, సిగరెట్, చుట్ట, ఖైనీ, గుట్కా, పాన్‌లో జర్దా అంటూ పేర్లు వేరైనా అన్నీ చిగుళ్లకు కీడు చేసేవే. ఉత్తరాంధ్ర తీరంలో చుట్ట నిప్పును నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు మహిళల్లో తరతరాలుగా ఉంది. అది అంగిలి క్యాన్సర్‌కు దారితీస్తుందని వైద్యులు దశాబ్దాలుగా హెచ్చరిస్తున్నారు. అదే నోట్లో చిగుళ్లూ ఉన్నాయన్నది మరవకూడదు. పొగతో మరో ప్రమాదం ఉంది. అది చిగుళ్ల నుంచి రక్తం కారడాన్ని తగ్గిస్తుంది. జబ్బు లోపల ముదురుతున్నా బయటికి కనిపించాల్సిన మొదటి గుర్తే మాయమవుతుంది. షుగరు, పొగాకు రెండూ ఉన్న మనిషి తన చిగుళ్లలో రక్తం రావడం లేదు కదా అని ధీమాగా ఉంటే మోసపోయినట్టే. షుగరు డాక్టరు గుండె కోసం, కాళ్ల కోసం పొగాకు మానమని ఎలాగూ చెబుతారు. ఆ మాటకు చిగుళ్లను కూడా జోడిస్తే చాలు.

రెండోది మందులు, నోరు ఎండిపోవడం. షుగరు ఉన్నవారిలో చాలామందికి బీపీ కూడా ఉంటుంది. బీపీకి విస్తృతంగా వాడే ఆమ్లోడిపిన్ కొందరిలో చిగుళ్లు ఉబ్బి పళ్ల మీదికి పెరిగేలా చేస్తుంది. ఆ మడతల్లో పాచి చేరితే తోమడం కష్టం. ఈ సంగతి రోగికి చెప్పేవారు తక్కువ. అలాగని ఎవరూ సొంతంగా బీపీ మాత్ర మానేయకూడదు. చిగుళ్లు ఉబ్బాయని డాక్టరుకు చూపిస్తే మందు మార్చాలో, శుభ్రం చేయిస్తే సరిపోతుందో ఆయన నిర్ణయిస్తారు. షుగరు ఎక్కువైనప్పుడు గానీ, కొన్ని మందుల వల్ల గానీ లాలాజలం తగ్గుతుంది. నోటిని సహజంగా కడిగే లాలాజలం తగ్గితే బ్యాక్టీరియాకు అనువుగా ఉంటుంది. షుగరు వచ్చి ఎన్నేళ్లయింది, వయసు ఎంత, బరువు ఎంత అన్నవీ లెక్కలోకి వస్తాయి. వయసును ఎవరూ మార్చలేరు. కానీ షుగరు, పొగాకు, పాచి, మందుల సమీక్ష అనే నాలుగూ మన చేతిలో ఉన్నవే. ఇవన్నీ షుగరు క్లినిక్‌లో అడిగే ప్రశ్నలే లేదా అడగాల్సిన ప్రశ్నలే.

‘వయసు మీదపడితే పళ్లు ఊడతాయి, దీనికింత రాద్ధాంతమా’ అనే మాట మన ఇళ్లలో తరచూ వినిపిస్తుంది. వయసుతో పళ్లు ఊడాలని నియమమేమీ లేదు. చాలావరకు ఊడేది ఎముక కరిగిపోవడం వల్ల. పళ్లు పోతే పోయేది అందం ఒక్కటే కాదు. షుగరు ఉన్నవారికి తెల్లన్నం తగ్గించి జొన్నరొట్టె, ఆకుకూరలు, పచ్చి కూరగాయలు, గుగ్గిళ్లు తినమని చెబుతారు. నమిలే పళ్లు లేకపోతే ఆ మనిషి మెత్తటి అన్నం, ఇడ్లీ, బ్రెడ్డు వైపే మళ్లుతాడు. షుగరును తగ్గించాల్సిన తిండే నోటికి అందకుండా పోతుంది. అలాగే ‘పళ్లు క్లీనింగ్ చేయిస్తే వదులైపోతాయి’ అనే భయం మరింత నష్టం చేస్తోంది. గార పన్నును పట్టి ఉంచదు. దాని కింద ఎముక అప్పటికే కరిగిపోయి ఉంటే, గార తీసి వాపు తగ్గాక ఆ నష్టం కొత్తగా బయటపడుతుంది. సందులు కనిపించడం, పన్ను కదలడం ఆలస్యంగా వచ్చినందుకు గుర్తు. క్లీనింగ్ మీద నింద మోపడం తప్పు.

మరో అభ్యంతరం తేలిగ్గా తోసేయదగినది కాదు. షుగరు అదుపులో పెట్టుకుంటే చాలదా, చిగుళ్లు వాటంతట అవే బాగుపడవా? షుగరు అదుపు పునాది, అందులో సందేహం లేదు. కానీ లోయె ప్రయోగంలో పాల్గొన్నవారికి షుగరు లేదు, అయినా పాచి చేరగానే చిగుళ్లు వాచాయి. పాచీ గారా ఉన్నంతకాలం షుగరు ఎంత దిగినా చిగురు కింద సందులు వాటంతట అవి మూసుకోవు. అటువైపు చూస్తే, హెచ్‌బీఏ1సీ 10 శాతం దగ్గర ఉన్న మనిషి ఎంత బాగా తోముకున్నా ఎముక నష్టం ఆగకపోవచ్చు. రెండు వైపులా ఒకేసారి పనిచేస్తేనే ఫలితం. అందుకే రెండు విభాగాలు ఒకరి చీటీ ఒకరు చదవాలి.

ఇక ఖర్చు, సిబ్బంది మాట. కిక్కిరిసిన ప్రభుత్వ ఓపీలో డాక్టరుకు రోగితో మాట్లాడే తీరికే లేనప్పుడు చిగుళ్లు ఎవరు చూస్తారన్న ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు ఇప్పటికే మన ఊళ్లలో ఉంది. అసాంక్రమిక వ్యాధుల జాతీయ కార్యక్రమం కింద 30 ఏళ్లు దాటినవారికి షుగరు, బీపీతో పాటు నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలు చేయాలి. ఆశా కార్యకర్త పత్రం నింపాలి, ఏఎన్ఎం, ఆరోగ్య అధికారి పరీక్షించాలి. అంటే షుగరు పరీక్ష జరిగే చోటే నోటి పరీక్షకూ ఏర్పాటు ఉంది. క్యాన్సర్ మచ్చ కోసం టార్చి వేసి చూసే కళ్లు పక్కనే ఉన్న చిగుళ్లను చూడలేవా? తోముకునేటప్పుడు రక్తం వస్తోందా? పళ్లు కదులుతున్నాయా, సందులు కొత్తగా పడ్డాయా? చిగుళ్లు వాచి ఉన్నాయా, చీము గానీ ఆగని దుర్వాసన గానీ ఉందా? ఈ మూడు ప్రశ్నలు, ఒక చూపు చాలు. ఒక్కదానికి అవునని జవాబు వచ్చినా పళ్ల డాక్టరు దగ్గరికి చీటీ రాయాలి. సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో దంత వైద్యుడు ఉండాలని జాతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. ఆ పోస్టులు ఖాళీగా ఉంచకూడదు, ఉన్నచోట గార తీసే యంత్రం పనిచేయాలి. దంత కళాశాలలను చుట్టుపక్కల షుగరు క్లినిక్‌లతో కలపాలి. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ, మధుమేహం ఉన్న పెద్దలకు చిగుళ్ల జబ్బు ముప్పు ఎక్కువని తప్పనిసరిగా చెప్పాలని 2022లో సూచించింది. మన తెలుగు రాష్ట్రాలకు అది చేయలేనంత పనేమీ కాదు. సాధారణ ఆరోగ్య బీమాలు పళ్ల వైద్యాన్ని పక్కన పెట్టేస్తున్నాయి. కనీసం షుగరు ఉన్నవారికి ఏడాదికోసారి చిగుళ్ల వైద్యమైనా వాటిలో చేర్చాలి.

ప్రభుత్వం కదిలేదాకా రోగులు ఆగనక్కర్లేదు. మెత్తటి బ్రష్షు, ఫ్లోరైడ్ పేస్టుతో రెండు పూటలా, ముఖ్యంగా రాత్రి పడుకునే ముందు తోముకోవాలి. పళ్ల సందులు విడిగా శుభ్రం చేసుకోవాలి. బొగ్గు పొడి, ఇటుక పొడి పళ్లను అరగదీస్తాయి, వాటిని వదిలేయాలి. ఏడాదికి ఒకసారైనా పళ్ల డాక్టరుకు చూపించుకోవాలి, వెళ్లేటప్పుడు తాజా హెచ్‌బీఏ1సీ రిపోర్టు, వాడే మందుల చీటీ తీసుకెళ్లాలి. ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వేసుకుని, తినడం మానేసి పళ్ల డాక్టరు కుర్చీలో కూర్చోకూడదు, షుగరు పడిపోవచ్చు. చిగుళ్ల నుంచి రక్తం వస్తే తోమడం ఆపకండి, డాక్టరుకు చూపించండి. ఈసారి షుగరు పరీక్షకు వెళ్లినప్పుడు డాక్టరు అడగకపోయినా మీరే అడగండి: ‘నా చిగుళ్లు కూడా ఒకసారి చూస్తారా?’ పది మంది అడిగితే డాక్టరు చూస్తారు, వెయ్యి మంది అడిగితే ఆ పరీక్ష చీటీలోకి ఎక్కుతుంది.